గోడవారన నిలబడే ఆవిడ

"ఆవిడ మీకు ఏమవుతుంది?"

ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేశాడో ఇన్‌స్పెక్టర్‌కే గుర్తులేదు. బల్లకి అటుపక్క కూర్చున్న మనిషి మాత్రం ప్రతిసారీ ఒకటే జవాబు చెబుతున్నాడు.

"ఏమీ కాదండి."

"పేరు తెలుసా?"

"మీరు చెప్పాకే తెలిసిందండి."

"పేరు తెలీదు, ఊరు తెలీదు, చుట్టం కాదు, పక్కం కాదు. అలాంటి మనిషి కోసం జేబులో డబ్బు ఖర్చు పెట్టి డిటెక్టివ్‌ని పెట్టుకున్నారు. నా చెవిలో పూలేమైనా కనిపిస్తున్నాయా మీకు?"

ఆ మనిషి తల అడ్డంగా ఊపాడు. అతను కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పనివాడు. రోజూ పొద్దున పేపరు చంకలో పెట్టుకుని లాంచీ ఎక్కుతాడు కాబట్టి రేవులో అందరూ అతన్ని పేపరాయన అంటారు. ఆ మాట అతని చెవిన ఎప్పుడూ పడలేదు.

రేవు ఔట్‌పోస్టు గుమ్మంలో నిలబడి డిటెక్టివ్ ఇదంతా వింటోంది. పేపరాయన ఫోన్ చేస్తే తల కూడా సరిగ్గా దువ్వుకోకుండా పరుగెత్తుకొచ్చింది. యాభై దాటిన మనిషి, ఒకప్పుడు క్రిమినల్ లాయరు. ఏ పనిలోనైనా ఓ వంక వెతికిగాని వదలదని కానిస్టేబుళ్ళు ఆవిడకి చాటుగా అత్తగారు అని పేరు పెట్టారు. ఇన్‌స్పెక్టర్‌కి ఆవిడ నిజంగానే వదిన, పెళ్ళాం అక్క. ఆ చుట్టరికం వల్ల ఇద్దరికీ ఒరిగిందేమీ లేదు, పండక్కీ పబ్బానికీ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినలేక అవస్థ పడటం తప్ప.

"నా క్లయింటుని నేను లేకుండా ప్రశ్నిస్తున్నారేం, ఇన్‌స్పెక్టర్‌గారూ?" అంది లోపలికొస్తూ.

"రండి వదినా. మీ క్లయింటు ఇప్పుడే ఓ మంచి సంగతి చెప్పబోతున్నాడు. ఆవిడతో ఎప్పుడూ మాట్లాడలేదని నిన్న రాసిచ్చాడు. ఇవాళ అడిగితే నీళ్ళు నములుతున్నాడు."

డిటెక్టివ్ పేపరాయన ముఖంలోకి చూసింది. ఆ తడబాటు ఆవిడకీ కొత్తగానే ఉంది. తనకి దాచిన సంగతి పోలీసుకి ముందు తెలియడం ఏ లాయరుకీ నచ్చదు, మానేసిన లాయరుకైనా సరే.

పేపరాయన తలదించుకుని మెల్లగా చెప్పుకొచ్చాడు. రోజూ లాంచీ బయల్దేరగానే అతను పేపరు తెరిచి మధ్య కాగితం విడదీసి పక్కకి చాపుతాడు. ఇంజను గది గోడకి ఆనుకుని నిలబడే ఆవిడ అందుకుంటుంది. అవతలి రేవు రాగానే మడత చెడకుండా తిరిగి ఇచ్చేస్తుంది. ఆరేళ్ళుగా ఇదే వరస. థాంక్స్ అని ఆవిడ అనలేదు, పరవాలేదని ఇతను అనలేదు. ఆ లాంచీలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, అదో కట్టుబాటు లాంటిది. అయితే ఆవిడ మాయమయ్యే ముందు శనివారం మబ్బు పట్టడం చూసి ఇతను నోరు జారి, వాన వచ్చేలా ఉందండి అన్నాడు. ఆవిడ ఉలిక్కిపడి చూసి తల ఊపింది. అంతే.

"సోమవారం ఆవిడ గోడ దగ్గరికి రాలేదండి, రెయిన్‌కోటు చూసి నేనే వెనక్కెళ్ళి కాగితం చాపితే అందుకోలేదు. వెనక్కి కూడా తిరగలేదు. నా మీద కోపమొచ్చిందనుకున్నా. ఆ తర్వాత ఆవిడ నదిలో దూకిందన్నారు." అతను పేపరు మడత సరిచేశాడు. "ఆ ఒక్క మాట నేను అనకుండా ఉంటే బావుండేదేమో. అది తెలుసుకుందామనే మేడంగారి దగ్గరికెళ్ళానండి."

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కి వాలాడు. అతనికి కావలసింది దొరికింది. పెళ్ళైన ఆడమనిషిని లాంచీలో విసిగించాడు, ఆవిడ మనసు విరిగింది, ఇంక చెప్పేదేముంది అన్నాడు. కేసు ఆత్మహత్య కాకపోతే ఈ పెద్దమనిషే మిగులుతాడని కూడా అన్నాడు.

"నోటికొచ్చిందల్లా అనకు మరిదీ," అంది డిటెక్టివ్. ఆవిడకి ఒళ్ళు మండినప్పుడు ఇన్‌స్పెక్టర్‌గారు పోయి మరిది బయటికొస్తాడు. "నీకు తెలిసింది చెప్పు. ఊహించింది కాదు."

అతను వేళ్ళు మడిచాడు. పోయిన సోమవారం పొద్దున జోరువాన. అవతలి ఒడ్డున మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసే ఆవిడ, ఆకుపచ్చ రెయిన్‌కోటు వేసుకుని, టోపీ ముఖం మీదికి లాక్కుని, ఇల్లు దాటి రేవుకి వచ్చింది. వీధి చివర కెమెరాలోనూ రేవు కెమెరాలోనూ ఉంది. లాంచీ ఎక్కింది. అవతల ఆకుపచ్చ రెయిన్‌కోటు దిగలేదు. లాంచీ వెనక ఎడమ మూల కమ్మీలకి ఆవిడ సంచి తగిలించి ఉంది, అందులో ఫ్యాక్టరీ కార్డు. లాంచీలో ఉన్న వాళ్ళంతా ఆవిడని చూశామని సంతకాలు పెట్టారు. మొగుడు అంతకుముందే ఆఫీసులో ఉన్నాడు, పాతికమంది సాక్షులు. నాలుగు రోజులుగా పడవలు నది గాలిస్తున్నాయి. ఇవాళ సాయంత్రంతో వెతకడం ఆపేసి ఫైలు మూసేస్తున్నాడు.

డిటెక్టివ్ నిన్న ఆ ఇంటికి వెళ్ళి వచ్చింది. రేవు మీద మెరక ఎక్కితే మూడో ఇల్లు. మొగుడు ముందు గదిలో కూర్చోబెట్టి మర్యాదగా మాట్లాడాడు. తన చెల్లెలు సాయానికి వచ్చి ఉందనీ, బజారుకెళ్ళిందనీ చెప్పి మంచినీళ్ళు తనే తెచ్చాడు. పెళ్ళాం ఎప్పుడు లేస్తుంది, తలనొప్పికి ఏ మాత్ర వేసుకుంటుంది, ఏ రంగు ఇష్టం, అన్నీ తడుముకోకుండా చెప్పాడు. లాంచీలో ఎక్కడ నిలబడుతుందని అడిగితే అదీ తడుముకోలేదు. వెనక కమ్మీల దగ్గర, నీళ్ళు చూస్తూ నిలబడటం ఆవిడకి ప్రాణం అన్నాడు. ఇప్పుడు పేపరాయన ఇంజను గది గోడ అంటున్నాడు. ఈ రెంటిలో ఒకటి తప్పు.

"ఆవిడ ఆదివారం మీ స్టేషన్‌కి ఫోన్ చేసి యాక్సిడెంట్ కేసులు ఎవరు చూస్తారని అడిగింది. మీ ఫోన్ రిజిస్టర్లోనే రాసుంది, చూశావా?"

"రోజుకి వంద ఫోన్లొస్తాయి వదినా. ప్రతిదానికీ నేను మీలాగా ముగ్గులోకి దిగితే ఇంటికెళ్ళే పనిలేదు."

కిటికీలోంచి లాంచీ కనిపిస్తోంది. జనం ఎక్కుతున్నారు. సోమవారం ఆవిడ ఎక్కినదీ ఈ వేళకి బయల్దేరే లాంచీయే, ఈ మనుషులే. డిటెక్టివ్ చేతిసంచి భుజాన వేసుకుంది.

"ఒక్క ట్రిప్పు నాతో రా. నీ కేసు నిజమైతే నాకు నోరు మూసుకోవడం కూడా వచ్చని నీ పెళ్ళానికి చెప్పుకోవచ్చు."

ఆ చివరి మాటకి ఆశపడ్డాడేమో, ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి పెట్టుకున్నాడు. ఔట్‌పోస్టులో ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్ళని కూడా రమ్మన్నాడు. తిరిగి రాగానే ఫైలు మూసేస్తాననీ, ఆ తర్వాత వదిన తన గుమ్మం తొక్కకూడదనీ షరతు పెట్టాడు.

లాంచీలో ఊపిరాడనంత జనం. డిటెక్టివ్ ఇంజను గది మెట్టు మీద నిలబడి, నేను ఫలానా అని చెప్పి, ఒక్కటే కోరింది. ఎవరూ ఏమీ గుర్తు తెచ్చుకోవద్దు, ఎవరూ ఏమీ చెప్పొద్దు, రోజూ ఎక్కడ నిలబడతారో అక్కడ నిలబడండి అంది. జనం కాస్త ఇబ్బందిగా నవ్వి, కాస్త జరిగి, సర్దుకున్నారు. చూస్తుండగానే ఆ గుంపు ఒక కుదురుకి వచ్చింది. కత్తెరల పెట్టె ఒళ్ళో పెట్టుకునే టైలరమ్మ కిటికీ పక్కకి చేరింది. ఎప్పుడూ కునుకు తీసే గుమాస్తా స్తంభానికి తల ఆనించాడు. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న నర్సు, ఎదుటి బెంచీ మీది ముసలాయన కాళ్ళు చాపుకోవడానికి వీలుగా తన కాళ్ళు ముడుచుకుంది. చూడకుండానే ముడుచుకుంది. పేపరాయన గోడకి కొంచెం ఎడంగా నిలబడి పేపరు తెరిచాడు.

అతని పక్కన, గోడవారన, ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. నిలబడటానికి చోటు లేక జనం ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకుంటున్నారుగాని అందులోకి ఎవరూ జరగలేదు.

చావు ఇళ్ళు చాలా చూసింది డిటెక్టివ్. ఇంత పద్ధతిగా ఒక మనిషి చోటు కాపాడిన వాళ్ళని చూడలేదు. వీళ్ళు ఆవిడ పేరు కూడా ఎరగరు.

ఆవిడ ఎప్పుడూ ఇక్కడేనా అని అడిగితే ఒక్కొక్కరూ నోరు విప్పారు. ఒక్కొక్కరి మనసులో ఆవిడకి ఒక్కో పేరు ఉందని అప్పుడు తేలింది. పేపరాయనకి మధ్య కాగితం ఆవిడ, టైలరమ్మకి నీలం సంచి ఆవిడ, లాంచీ నడిపే సరంగుకి గోడావిడ. నది మధ్యకి రాగానే ఆవిడ కళ్ళు మూసుకుంటుందని నర్సు చెప్పింది. నీళ్ళంటే భయమని అందరికీ తెలుసునంది.

"అందరికీ అంటే?"

"ఇక్కడ అందరికీ అండి. అందుకే కదా మేం అటువైపు నిలబడేది. నీళ్ళు కనిపించకుండా."

ఆరేళ్ళుగా ఈ జనం ఆవిడకీ నదికీ మధ్య అడ్డు నిలబడుతున్నారు. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఒకే కప్పు కింద బతికే మొగుడికేమో ఆవిడకి నీళ్ళంటే భయమని కూడా తెలియదు.

"చూశారా మరి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి. అతను ఎడమ మూల కమ్మీల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "భయపడే మనిషి ఆ రోజు పనిగట్టుకుని ఇక్కడికొచ్చి నిలబడిందంటే అర్థమేమిటి? చావడానికే. సంచి ఇదిగో, సరిగ్గా ఇక్కడ దొరికింది. మీరు నా కేసుకే బలం ఇచ్చారు వదినా."

మాట బాగానే ఉంది. కానీ డిటెక్టివ్ కళ్ళు మాత్రం ఆ మూల మీదే నిలిచిపోయాయి. ఇంత కిక్కిరిసిన లాంచీలో ఇన్‌స్పెక్టర్ చుట్టూ అంత చోటు ఎందుకుంది? పోలీసు యూనిఫాం చూసి జరిగారా అంటే, అతను వెళ్ళకముందు కూడా అక్కడ ఎవరూ లేరు. గోడవారన చోటు ఎందుకు ఖాళీగా ఉందో తెలుసు. ఇదెందుకో అడుగుదామని ఆవిడ నోరు తెరిచింది.

సరంగు ఇంజను తొక్కాడు.

లాంచీ అడుగు నుంచి ఒక దగ్గు లాంటి చప్పుడు వచ్చింది. ఎడమ మూల గొట్టంలోంచి మసీ నూనే కలిసిన నల్లటి నీళ్ళు చివ్వున పైకి లేచి ఇన్‌స్పెక్టర్ నడుము నుంచి బూట్ల దాకా తడిపేశాయి. అతను ఎగిరి గంతేశాడు. కానిస్టేబుళ్ళు గబగబా నదివైపు తిరిగిపోయారు. లాంచీలో సగం మంది పమిటలూ చేతిరుమాళ్ళూ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

సరంగు పరుగున వచ్చి బతిమాలుకున్నాడు. ఆ గొట్టం బాగుచేయించమని ఓనరు చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతున్నానన్నాడు. రోజూ ఎక్కే వాళ్ళు ఆ మూలకి పోరనీ, కొత్తవాళ్ళు మాత్రం ఖాళీగా ఉంది కదా అని పోయి స్నానం చేస్తారనీ చెప్పాడు.

టైలరమ్మ నవ్వు ఆపుకోలేక అనేసింది. "పోయిన సోమవారం కూడా ఇలాగే పడింది. రెయిన్‌కోటు మీద."

నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. అన్న మాట టైలరమ్మకే అప్పుడు వినిపించినట్టుంది.

"ఆవిడ మీద పడిందా?" అడిగింది డిటెక్టివ్. గొంతు పెంచలేదు.

"రెయిన్‌కోటు మనిషి మీద. అదే, ఆవిడ మీద."

"మీరప్పుడు నవ్వారా?"

"లోలోపల. అందరం నవ్వుకున్నాం. పాపం ఎవరో..." టైలరమ్మ ఆగి పేపరాయన వంక చూసింది. ఆరేళ్ళలో అతని ముఖంలోకి నేరుగా చూడటం అదే మొదలు. "ఎవరో కొత్తమనిషి, తెలీక నిలబడిందనుకున్నాం."

"అవును," అంది నర్సు. "నేనూ అలాగే అనుకున్నా. కళ్ళు మూసుకునే ఆవిడ ఇవాళ రాలేదు, ఎవరో కొత్తావిడ వచ్చిందనుకున్నా. సాయంత్రం పోలీసులు ఆకుపచ్చ రెయిన్‌కోటు ఆవిడని చూశారా అంటే చూశామన్నాం. ఆవిడే దూకిందన్నారు. పోలీసులు చెప్పాక మళ్ళీ మేం కాదనడం ఏమిటని..."

పేపరాయన పేపరు మడిచేశాడు. "నేను కాగితం ఇవ్వబోయింది ఆవిడకి కాదా?"

"కాదు బాబూ," అంది డిటెక్టివ్. "మీ వాన మాటకి ఆవిడకేం కోపం రాలేదు. ఆ కాగితం ఎందుకిస్తున్నారో అక్కడున్న మనిషికి తెలియదు. అందుకే తీసుకోలేదు."

అతను అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఇంకా ప్యాంటు దులుపుకుంటున్నాడు కానీ ఇదివరకటి ధీమా లేదు. చావబోయే మనిషి మసి గురించి ఆలోచిస్తుందా అని ఒక మాట విసిరి చూశాడు. డిటెక్టివ్ దాన్ని పట్టించుకోలేదు.

"నువ్వే ఆలోచించు. రెయిన్‌కోటు తీసి నీళ్ళలో పడేసి, సంచి తగిలించి, మామూలు చీరలో జనంతో కలిసి దిగిపోతే నీ కెమెరా ఏం చెబుతుంది? ఆకుపచ్చ రెయిన్‌కోటు దిగలేదని చెబుతుంది. చెప్పింది. ఆ వేషం దేనికి? ఆవిడ పొద్దున బతికే ఉంది, బయటికెళ్ళింది అని అందరూ నమ్మడానికి. అలా నమ్మితే మొగుణ్ణి ఎవరూ అనుమానించరు. ఇంకోటి కూడా ఎవరూ చెయ్యరు."

"ఏమిటది?"

"బయటికెళ్ళిన మనిషిని ఇంట్లో వెతకరు."

ఇన్‌స్పెక్టర్ ముఖంలో రంగు మారింది. అతను ఆ ఇంటి గడప దాటి లోపలికి అసలు వెళ్ళనేలేదు. డిటెక్టివ్ వెళ్ళింది, ముందు గదిలో కూర్చుని మంచినీళ్ళు తాగి వచ్చింది. ఆ గదికి ఒక గోడ అవతల ఏముందో అనుకునేసరికి తన మీద తనకే అసహ్యం వేసింది.

లాంచీ నది నడుమకి వచ్చింది. డిటెక్టివ్ మళ్ళీ మెట్టు ఎక్కింది.

"ఇంకొక్కటే అడుగుతాను. మీ అందరికీ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళకి తెలుసు. ఒకసారి చుట్టూ చూడండి. ఆ సోమవారం తర్వాత కొత్తగా రావడం మొదలుపెట్టిన వాళ్ళెవరైనా ఉన్నారా?"

ఇన్నాళ్ళూ ఓరగా చూసుకున్న వాళ్ళు తలలెత్తి ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పెద్దసేపు పట్టలేదు. చూపులన్నీ వెనక బెంచీ చివరికి వెళ్ళి ఆగాయి. బూడిదరంగు చీర కట్టుకున్న ఒక ముప్ఫై ఏళ్ళ ఆవిడ ఫోన్ పిడికిట్లో బిగించి పట్టుకుని కూర్చుంది. ఈమె మంగళవారం నుంచి వస్తోందనీ, రోజుకో చోట నిలబడి అందరి ముఖాలూ చూస్తుందనీ, ఇంకా చోటు కుదరలేదేమో అనుకున్నామనీ టైలరమ్మ చెప్పింది.

డిటెక్టివ్ జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. దగ్గరగా చూస్తే ముందు గదిలో మర్యాదలు చేసిన మనిషి ముక్కూ, ఆ గడ్డమూ ఈ ముఖంలో ఉన్నాయి. నువ్వు అతని చెల్లెలివి కదూ అని అడిగితే ఆమె కాదనలేదు. ఏడవడానికి సిద్ధంగా ఉన్న ముఖంతో తల ఊపింది.

"మీ వదిన బతికుందా అమ్మా?"

ఆ రెయిన్‌కోటు వేసుకున్నది తనేననీ, ఎవరికైనా అనుమానం వచ్చిందేమో చూడమని అన్నయ్య రోజూ పంపుతున్నాడనీ చెప్పింది చెల్లెలు. అన్నయ్య కారు కింద ఒక మనిషి పడ్డాడనీ, వదిన పక్కనే ఉందనీ, పోలీసులకి చెప్పేస్తానని పట్టుబట్టిందనీ ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆదివారం రాత్రే నదిలో తోసేయాలనుకున్నారు. అన్నయ్యకి చేతులు రాలేదు. ఆఖరికి నిద్రమాత్రలు మింగించి మేడ మీద గదిలో పడుకోబెట్టారు. వెతికే పడవలు వెళ్ళిపోగానే ఆ పని చేద్దామన్నాడు. నాలుగు రోజులుగా ఆమే వదినకి నీళ్ళు తాగిస్తోంది.

"బతికుందా?" మళ్ళీ అడిగింది డిటెక్టివ్.

"నేను బయల్దేరేటప్పుడు ఉందండి." ఆమె ఫోన్ చూపించింది. "మీరు ఆ మసి సంగతి మాట్లాడుతుంటే భయమేసింది. అన్నయ్యకి మెసేజ్ పెట్టేశాను. తెలిసిపోయిందని పెట్టాను. ఇంట్లోనే ఉన్నాడు."

మెసేజ్ చేరినట్టూ, చదివినట్టూ గుర్తులు పడి ఉన్నాయి. జవాబు లేదు. ఫోన్ చేస్తే మోగుతోంది కానీ ఎత్తడం లేదు.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే స్టేషన్‌కి ఫోన్ చేసి అరుస్తున్నాడు. స్టేషన్ ఊరికి ఆ చివర ఉంది. రేవులో ఉండాల్సిన ఇద్దరూ లాంచీలో ఉన్నారు. ఆ ఇంటికి అందరికంటే దగ్గరి వాళ్ళు వీళ్ళే, తిరిగి వెళ్ళగలిగితే. అతను ఫోన్ దించి డిటెక్టివ్ వంక చూశాడు. నా తప్పే వదినా అన్నాడు మెల్లగా. ఆవిడకి దానికి జవాబిచ్చే తీరిక లేదు.

"వెనక్కి తిప్పు," అంది సరంగుతో.

సరంగు దిక్కులు చూశాడు. నట్టనడి నదిలో లాంచీ తిప్పడం అతని సర్వీసులో ఎప్పుడూ చెయ్యలేదు. లాంచీ నిండా డ్యూటీలకి వెళ్ళాల్సిన జనం. ఒక్క నిమిషం ఆలస్యమైతే గేటు మూసేసే ఫ్యాక్టరీలు వాళ్ళవి. ఓనరుకి తను ఏమని చెప్పుకోవాలి?

"తిప్పవయ్యా," అన్నాడు పేపరాయన. ఆ గొంతు లాంచీలో ఎవరూ విని ఎరగరు.

"తిప్పండి," అంది టైలరమ్మ. నర్సు అంది. కునికే గుమాస్తా స్తంభం వదిలి నిటారుగా నిలబడి తిప్పమన్నాడు. తర్వాత ఎవరెవరు అన్నారో తెలియలేదు. మెరక మీది మూడో ఇల్లు ఏదో చెప్పమని ముందు వైపున ఉన్నవాళ్ళు చెల్లెల్ని అడుగుతున్నారు. దిగగానే పరుగెత్తడానికి కొందరు చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నారు.

సరంగు చక్రం బలంగా తిప్పాడు. లాంచీ ఒక పక్కకి ఒరిగి, మొర్రోమంటూ వెనక్కి మళ్ళింది. మెరక మీద ఇళ్ళు కనిపిస్తున్నాయి. మూడో ఇంటి మేడ మీద అప్పటిదాకా మూసి ఉన్న కిటికీ తెరుచుకుంది. లోపల ఎవరో మనిషి అటూ ఇటూ కదులుతున్నాడు. రేవు ఇంకా సగం దూరం ఉంది.